హ్యామర్ల డబుల్ రైఫిల్‌తో కేప్ బఫెలో వేట: సేఫా, మొండితనమా?

దార్ బాబాయ్:
మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట కథ దాదాపు ముగిసింది. ఇది ఆఫ్రికా అడవి దున్న, అంటే కేప్ బఫెలో వేట మాట. టాంజానియాలో లైసెన్సు మీద ఇంకా సాగుతోంది. నా దగ్గరున్నది బయటి హ్యామర్లున్న (తూటాను కొట్టి పేల్చే సుత్తులు) పాత .577 సైజు డబుల్ రైఫిల్, అంటే రెండు గొట్టాలది. నడిచేటప్పుడు ఇదే సేఫ్ అంటాను. తూటాలు లోపలున్నా హ్యామర్లు దించే ఉంటాయి. హ్యామర్‌లెస్ (సుత్తులు బయటికి కనపడనిది) అయితే లోడ్ చేసి మూశాక లోపలి హ్యామర్లు ఎక్కుపెట్టే ఉంటాయి. చాలావాటిలో సేఫ్టీ మీట ఆపేది ట్రిగ్గర్లనే, హ్యామర్లను కాదు.

జాంబెజీగట్టు:
బాబాయ్, ఎక్కుపెట్టడం కాదు, దించడం దగ్గరుంది అసలు టెన్షన్. ఒకసారి వేటగాళ్ల వెనక నడిచాను. పొదలో దున్న ఉందని ఒకాయన రెండు హ్యామర్లూ లాగి ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. అది రాలేదు. ఇక దించాలి. బొటనవేలంతా చెమట, ఎదురుగా జాడ పట్టే ట్రాకర్ వీపు. ఆ వేలు జారితే?

దార్ బాబాయ్:
గొట్టాలు వంచి తెరిచి దించితే సరి. అప్పుడు హ్యామర్ జారినా తూటాకు తగలదు.

పాతఇనుము:
ఆగండి. రీబౌండింగ్ లాక్ (లాక్ అంటే హ్యామర్‌ను నడిపే యంత్రం) ఉంటేనే ఆ మాట. అది ఉంటే హ్యామర్ కొట్టాక తనే కాస్త వెనక్కి వస్తుంది. 1867లో స్టాంటన్ పేటెంట్ తీసుకున్నది దీనికే. లేనివాటిలో పూర్తిగా దించి మూస్తే స్ట్రైకర్ (హ్యామర్ దెబ్బను తూటాకు అందించే సూది) పోయి ప్రైమర్‌కు (తూటా అడుగున దెబ్బకు అంటుకునే మందు) తగులుతుంది. హాఫ్‌కాక్‌లో, అంటే హ్యామర్ సగం లేచి ఆగే చోట పెట్టాకే మూయాలి. పూర్తిగా దించి మోస్తుంటే రాయికి తగిలినా పేలొచ్చు.

జాంబెజీగట్టు:
అయినా దున్న ఇంకా పొదలోనే ఉండగా తుపాకీ తెరవమంటారా అన్నా?

పాతఇనుము:
అలాంటప్పుడు దించనే వద్దు. మూతి పక్కకు తిప్పి వెనక్కి నడవండి. ఇంకొకటి, ఆ .577 బుల్లెట్ 750 గ్రెయిన్లు, అంటే 49 గ్రాములకు దగ్గర. 6 కిలోల రైఫిలైనా భుజాన్ని తన్నుతుంది. లాక్ అరిగి ఉంటే ఆ కుదుపుకే రెండో హ్యామర్ పడి రెండు గొట్టాలూ పేలతాయి. దానికి భయపడి కొందరు ఒక్కటే ఎక్కుపెడతారు. మీదికొచ్చే దున్న రెండోది లాగే టైమిస్తుందా!

జాంబెజీగట్టు:
మరి ఎక్కుపెట్టే చప్పుడు రాకుండా ట్రిగ్గర్ నొక్కి పట్టి హ్యామర్ లాగేవాళ్ల సంగతి? లోడ్ చేసిన రైఫిల్ ట్రిగ్గర్ మీద వేలు! నా పక్కన అలా చేస్తే నేను నడవను.

దార్ బాబాయ్:
ఆ పని నేనూ చేస్తుంటాను... సరే, రేపే డమ్మీ తూటాలు పెట్టి, చేతులు తడుపుకుని ఇరవైసార్లు దించి చూస్తా. ఎన్నిసార్లు జారిందో ఇక్కడే రాస్తా.