చేతిపనుల వేసవి బాగానే ఉంది, ఆ చేతులు ఎవరివి?

కూకట్‌పల్లి కోడలు:
మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి 11, పాపకి 7. నిరుడు వేసవంతా ఏసీ గది, ఫోను, తెప్పించుకున్న బిర్యానీలతో గడిచిపోయింది. ఈసారి అలా కాకూడదని మా ఆయనా నేనూ గట్టిగా అనుకున్నాం. మా అత్తవారిది నరసాపురం దగ్గర పల్లె. లింగంపల్లిలో నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారాక అక్కడ దిగుతాం. జూన్ 12న బడి తెరుస్తారు కాబట్టి ఐదు వారాలు అక్కడే ఉంచుదామని ప్లాన్. కొబ్బరాకుతో బొమ్మలు చేస్తారు, లేసు అల్లడం నేర్చుకుంటారు, ముంజలు తింటారు, ఆవకాయ పెట్టడం చూస్తారు, రోజూ సాయంత్రం పేరుపాలెం బీచ్‌కి వెళ్తారు. నేను వర్క్ ఫ్రం హోం పెట్టుకుని రెండు వారాలు ఉంటాను. ఆయన శని, ఆదివారాలు వచ్చి వెళ్తారు.

ఇదంతా ఫోనులో మా తోడికోడలికి ఉత్సాహంగా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రండి చెల్లీ, మీ పిల్లలకి సెలవులు కదా. నా సెలవులు ఎప్పుడో అది కూడా చెప్పు" అంది. నవ్వుతూనే అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్. మా ఆయనేమో "వదిన సరదాకి అంది" అంటున్నారు. పిల్లల్ని పంపాలా, ఇక్కడే ఏదైనా సమ్మర్ క్యాంప్‌లో వేయాలా?

ఉప్పుగాలి:
ఇందులో ఆలోచించడానికేముందండీ, పంపేయండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ముంజలు తినేశాక రెండు కాయలకి అడ్డంగా పుల్ల గుచ్చి, మధ్యలో పంగలకర్ర తగిలించి తోసుకుంటూ పోతే అదే మా లారీ. చెరువుగట్టు దాకా ఆగేది కాదు. మా తాత కొబ్బరాకుతో గడియారం కట్టేవాడు, కళ్ళజోడు చేసేవాడు, బూర చుట్టి ఇచ్చేవాడు. ఆ బూర ఊదుతుంటే మధ్యాహ్నం నిద్రపోయేవాళ్ళంతా లేచి తిట్టేవారు. పైసా ఖర్చు లేదు. ఇక్కడ క్యాంపుల్లో ఐస్‌క్రీమ్ పుల్లలతో ఇల్లు కట్టించి వేలకి వేలు తీసుకుంటున్నారు. ముంజని బొటనవేలితో పొడిచి, నీళ్ళు కారకుండా తినడం రాని పిల్లాడు ఇంకేం నేర్చుకుంటాడు? రోజూ సముద్రం, సముద్రం చేప, వీలైతే పులస. మీ తోడికోడలి మాట పట్టించుకోకండి. నలుగురున్న ఇంట్లో ఇవి మామూలే.

తిరగలి:
మేలో పులసా? వరదనీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి గోదారికి ఎదురెక్కే చేప అది. జూలై, ఆగస్టుల మాట. ఇక సముద్రం చేప సంగతి చూస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా బోట్ల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజను లేని నావల వాళ్ళు తెచ్చే కాస్త తప్ప ఏదీ రాదు. మేలో మా ఇళ్ళలో ఉడికేది చెరువు చేప, లేకపోతే మామిడికాయ ఎండురొయ్యలు, చింతచిగురు దొరికితే దాంతో పచ్చిరొయ్యలు. వాటిని వలిచేది ఎవరో తర్వాత చెప్తాను.

ఉప్పుగాలి గారూ, ఆ ముంజకాయలు చెట్టు మీంచి ఎవరు దింపారు? బండి తోసుకుని ఇంటికొచ్చాక మీ కాళ్ళ బురద ఎవరు కడిగారు? బూర సంగతి మాత్రం బాగా గుర్తుంది మీకు.

నేను ఆ తోడికోడలి చోట 14 ఏళ్ళుగా ఉన్నాను. మే నెల వస్తే మా ఇంట్లో 11 మంది. పొద్దున్న 5కి లేవాలి. ఒకడు ఇడ్లీ తినడు, ఒకతె పాలల్లో మీగడ ఉందని ఏడుస్తుంది. ఎండ ముదరకముందే సగ్గుబియ్యం ఉడికించి డాబా మీద చీర పరిచి వడియాలు పెట్టాలి. పిల్లలు పైకొస్తారు, తలా నాలుగు వడియాలు పెడతారు, వాళ్ళమ్మలు ఫోటో తీస్తారు, అందరూ దిగిపోతారు. మిగతా 400 నేను పెడతాను. సాయంత్రం మబ్బేస్తే పరిగెత్తేదీ నేనే.

ఆవకాయ రోజు ఇంకా అందం. కాయలు కడగాలి, తుడవాలి, టెంకతో సహా ముక్క కొట్టించాలి, జీడి తీయాలి, పొర గీకాలి, ఒక్కో ముక్కనీ మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి. ఒకసారి అంతా అయ్యాక మా మరిదిగారు వచ్చి, కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి కలుపుకుని, "అబ్బ, చేత్తో చేసిందంటే ఇదీ" అన్నారు. ఆ చెయ్యి రెండు రోజులు మండింది, నాది కాబట్టి నాకు తెలుసు. సముద్రం మా ఇంటికి 9 కిలోమీటర్లు. కారులో చోటు చాలక నేను చూసి మూడేళ్ళయింది.

కోడలు గారూ, ఆవిడ సరదాకి అనలేదు.

కోడింగ్ కాఫీ:
అసలు సముద్రం పక్కన అత్తవారిల్లు ఉన్నవాళ్ళకే ఈ చర్చ. మాది అనంతపురం వైపు. అమ్మా నాన్నా లేరు, పంపడానికి ఊరు లేదు. ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాలి. పాపని క్యాంప్‌లో వేశాను. పొద్దున్న 9 నుంచి 1 వరకు. వంకర కుండ ఒకటి చేసుకొచ్చింది, అందులో పెన్నులు పెట్టుకున్నాం. ఈత కూడా కాస్త వచ్చింది. నేర్పినావిడకి జీతం వస్తోంది, ఎవరి నడుమూ పోవట్లేదు. డబ్బిచ్చి చేయించుకుంటే పనికో లెక్క ఉంటుంది. ఊళ్ళో చేయించుకుంటే దానికి ప్రేమ అని పేరు పెట్టి లెక్క ఎగ్గొడతాం.

ఉప్పుగాలి:
ప్రేమకి కూడా రేటు కార్డు పెట్టేస్తారన్నమాట.

తిరగలి:
అక్కర్లేదండీ. ఉల్లిపాయలు తరిగి పెట్టండి చాలు.

నరసాపురం సూది:
లేసు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా అమ్మమ్మ, మా అమ్మ ఇద్దరూ అల్లినవాళ్ళే. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇటువైపు తెచ్చిన పని ఇది. చుట్టుపక్కల పల్లెల్లో వంట, పశువులు, పిల్లలు అయ్యాక మిగిలిన గంటల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లుతారు. సీతారామపురంలో లేసు పార్కు ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. చూస్తే ఏముంది, కొక్కెం ఉన్న సన్నటి సూది, ఒక దారపు ఉండ. గొలుసు అల్లకంతో మొదలు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, వాటిని బల్లగుడ్డగానో దుప్పటిగానో కలిపేది ఇంకొకావిడ. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లింది ఏజెంటే తీసుకుంటాడు, ముక్కకి ఇంతని చేతిలో పెడతాడు. ఆ దుప్పట్లు చాలావరకు విదేశాలకి పోతాయి. అల్లినావిడ మంచం మీద మాత్రం మామూలు దుప్పటే.

వేసవిలో మా వీధికి పట్నం పిల్లలు వస్తారు. "ఆంటీ, రెండు రోజుల్లో నేర్పేయండి" అంటారు. మా అమ్మకి పిల్లలంటే ఇష్టం, కూర్చోబెట్టుకుంటుంది. పిల్లల చేతులకి చెమట, తెల్లదారం నల్లబడుతుంది. అది ఏజెంటు తీసుకోడు. ఆ పూట అమ్మ పని కూడా సగానికి పడిపోతుంది. పిల్లలు ఒక పువ్వు పట్టుకుని సంతోషంగా వెళ్ళిపోతారు. అమ్మకి ఎంత పోయిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

నేర్పొద్దని కాదు. రెండు రోజులు కాదు, రోజూ ఒక గంట చొప్పున పదిహేను రోజులు కూర్చోబెట్టండి. దారం మీరు కొనండి. పాపనొక్కదాన్నే కాదు, బాబుని కూడా పంపండి. నేర్పినావిడకి డబ్బివ్వండి. మొదటిసారి మొహమాటంతో వద్దంటుంది. రెండోసారి ఇవ్వండి, తీసుకుంటుంది.

అలల లెక్క:
ఈ గొడవలో బీచ్‌ని వదిలేశారు. నిరుడు మా బంధువులబ్బాయిని నడుంలోతు నీళ్ళలోంచే అల లాక్కుపోయింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన తాడు విసిరాడు కాబట్టి ఉన్నాడు. అప్పుడు మావాళ్ళు ఏడుగురూ సెల్ఫీలో ఉన్నారు.

ఒడ్డుకి కొట్టిన నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి కదా. ఒక్కోచోట సన్నటి దారి చేసుకుని జోరుగా సముద్రంలోకి పోతాయి. రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు పెద్దగా విరగవు, నురుగు ఉండదు, చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది. అందరూ పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. తీరం వెంబడి పక్కకి ఈది, ఆ జోరులోంచి బయటపడ్డాక ఒడ్డుకి రావాలి. ఈత రాకపోతే కంగారుపడకుండా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. చెప్పడం తేలికే, ఏడేళ్ళ పిల్ల చేయలేదు. కాబట్టి మోకాలు దాటి దింపకండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరేముందు చూడండి. అక్కడి జాలర్లని అడిగితే ఇంకా మంచిది, ఈరోజు ఎక్కడ దిగకూడదో వేలు పెట్టి చూపిస్తారు.

"రోజూ సాయంత్రం" అన్నారు. మేలో 4 గంటలకి ఇసుక మీద కాలు పెట్టలేరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, పాదాలెంత? పొద్దున్నే వెళ్ళి 8 లోపల వచ్చేయండి. ఇద్దరు పిల్లలకి ఒక పెద్దమనిషి, ఫోను లేకుండా, కళ్ళార్పకుండా ఉండాలి. కారులో చోటు లేదని ఇంట్లో వదిలేసిన ఆవిడే అక్కడ మీకు పనికొచ్చే మనిషి.

పాత బడి మేష్టారు:
31 ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, ఓ మాట అనుమతించండి. పిల్లలొస్తే పని పెరుగుతుందన్నారు. ఎందుకు పెరుగుతుంది? వాళ్ళు చుట్టాల్లా వస్తారు గనక. 11 ఏళ్ళవాడు కంచాలు కడగలేడా, డాబా తుడవలేడా? తిరగలి గారు చెప్పిన నాలుగు వడియాలే అసలు జబ్బు. నాలుగు పెడితే అది ఆట. 200 పెట్టించండి. ఏభయ్యోదానికి విసుగొస్తుంది, వందోదానికి చెయ్యి తిరుగుతుంది. విసుగు దాటేదాకా ఉంచని క్యాంప్ అయినా ఊరైనా ఒకటే. డబ్బు లెక్కలు మాత్రం ఇంట్లో వద్దండి, నాకు నచ్చలేదు.

తిరగలి:
మేష్టారూ, వాడు పెట్టిన వంకర వడియాలకి మా అత్తగారు తిట్టేది నన్ను. మీరు ఓ మే నెల మా డాబా మీదికి రండి.

నరసాపురం సూది:
మా అమ్మ మీ ఇంటి మనిషి కాదు కదా మేష్టారూ. ఆవిడకి ఇవ్వొచ్చు.

పాత బడి మేష్టారు:
ఆవిడకి ఇవ్వాల్సిందే. నేనన్నది ఇంటివాళ్ళ సంగతి.

కోడింగ్ కాఫీ:
ఇంటివాళ్ళయితే ఊరికే చేయాలి, ఇదేగా మొదట్నుంచీ గొడవ.

కూకట్‌పల్లి కోడలు:
నాలుగు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. అన్నీ చదివాను. తిరగలి గారి పోస్టు మా ఆయనకి కూడా చదివి వినిపించాను. బేసిన్‌లో అన్నం దగ్గరికి వచ్చేసరికి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. మా ఇంట్లోనూ అదే బేసిన్.

మొన్న రాత్రి అక్కకి ఫోన్ చేసి, "నీ సెలవులు ఎప్పుడు కావాలి?" అని అడిగాను. ముందు నవ్వేసింది. నేను నవ్వకపోయేసరికి నిజం చెప్పింది. ఇంటర్ పరీక్షలు రాసిన కూతుర్ని తీసుకుని పది రోజులు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఉండాలట. ఎవరూ ఉండకూడదట. "పొయ్యి వెలిగించను చెల్లీ, మీ బిల్డింగ్ పక్కన బిర్యానీ తెప్పించుకుంటాం. ఏసీ వేసుకుని ఫోన్ చూసుకుంటూ పడుకుంటాం" అంది. నేను పిల్లల్ని దేన్నుంచి తప్పించాలని ఇంత ప్లాన్ వేశానో, ఆవిడకి కావలసింది అదే. సరేనన్నాను. తాళాలు బావగారి చేత పంపుతున్నాను.

ఆ పది రోజులు అక్కడి వంటిల్లు నాది. మా ఆయన ఆరు రోజులు సెలవు పెట్టారు, రొయ్యలు వలవడం ఆయనకి. పేరుపాలెం పొద్దున్నపూట, మోకాలు లోతు వరకే. వీధి చివర లేసు అల్లే ఒకావిడతో మాట్లాడాం, ఇద్దరు పిల్లలకీ రోజూ గంట. అక్క తిరిగొచ్చాక మిగతా మూడు వారాలు ఎలాగన్నది ఇంకా తేలలేదు. బహుశా పిల్లల్ని వెనక్కి తెచ్చేసి ఇక్కడ క్యాంప్‌లో వేస్తానేమో.

అత్తయ్యగారు ఈ కబురు విని రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "సరే, మరి ఆవకాయ ఎవరు పెడతారు?" అన్నారు. నేనే అన్నాను. 60 కాయలు చెప్పారు. నేను జీవితంలో ఆవకాయ పెట్టలేదు. కొలత ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఉప్పుగాలి:
ముంజలు ఎవరు దింపేవారని మా అమ్మనడిగాను. అరగంట తిట్టింది. కొలతలు కూడా అడుగుదామంటే ఫోన్ పెట్టేసింది.

తిరగలి:
మొదటిసారి 60 వద్దు, 25 చాలు. అత్తగారితో నేను చెప్పానని చెప్పండి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ దొరికితే అదే తీసుకోండి, లేకపోతే పుల్లగా, పీచు గట్టిగా ఉన్న ఏ కాయైనా సరే. ముక్కలు నాలుగు గిన్నెలయితే అదే గిన్నెతో ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ముప్పావు, పప్పునూనె రెండు. మెంతులు రెండు చెంచాలు. ఆవాలు వేయించకండి, ఎండబెట్టి పిండి కొట్టించండి. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోండి, తక్కువైతే అప్పుడు వేయండి. తడి చెయ్యి తగిలితే బూజు. కాయలు తుడిచేది మీ ఆయన, ముక్కలు తుడిచేది బాబు. పాపని మాత్రం కారం దగ్గరికి రానివ్వకండి. బేసిన్‌లో అన్నం మొదటి ముద్ద మీరు తినండి.