రాబీ కీన్ గోల్స్ చార్ట్: 2012 జనవరి గోల్స్‌ని ఏ సీజన్‌లో వేయాలి?

ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు రాబీ కీన్ లీగ్ గోల్స్‌కి ఎక్సెల్‌లో సీజన్ల వారీగా బార్ చార్ట్ చేస్తున్నాను. ఇంగ్లండ్ క్లబ్ వుల్వ్స్ నుంచి కోల్‌కతా ఏటీకే దాకా క్లబ్‌కో వరుస, లోన్లు (వేరే క్లబ్‌కి తాత్కాలికంగా ఆడినవి) విడిగా.

మొదట "2008-09" అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది. తర్వాత సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే, ఆ తేదీకి ఎక్సెల్ లోపల వాడే సంఖ్య 39692 మిగిలింది. "1999-00" మాత్రం చెక్కుచెదరలేదు, 00 నెల లేదు కదా! ముందు అపాస్ట్రఫీ పెట్టి కొడితే ఆ గొడవ తీరింది.

అసలు చిక్కు అమెరికా దగ్గర. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎంఎల్ఎస్ సీజన్ ఒకే క్యాలెండర్ ఏడాదిలో ముగుస్తుంది, ఇంగ్లండ్‌ది ఆగస్టు నుంచి మే. కీన్ 2011 ఆగస్టులో ఎల్ఏ గెలాక్సీకి వెళ్లి, 2012 జనవరి, ఫిబ్రవరిల్లో ఆస్టన్ విల్లాకి లోన్‌పై 6 మ్యాచ్‌లాడి 3 గోల్స్ కొట్టాడు. అందులో రెండు పాత క్లబ్ వుల్వ్స్ మీదే.

సీజన్ మొదలైన ఏడాదితో కలిపితే ఆ 3 గోల్స్ 2011 బార్‌లోకి పోతున్నాయి. ముగిసిన ఏడాదితో కలిపితే 2011లో వెస్ట్ హామ్ లోన్, గెలాక్సీ కలిసిపోయి, రెండు సీజన్ల గోల్స్ ఒకే బార్‌లో పడుతున్నాయి. ఇది మరీ తప్పుదోవ. మ్యాచ్ తేదీతో విడదీస్తే ఇంగ్లండ్ సీజన్లన్నీ రెండు ముక్కలు.

రెండు క్యాలెండర్లలో ఆడిన ఆటగాడికి ఒకే చార్ట్ చేసేటప్పుడు మీరు ఏ ఏడాదిని ఆధారంగా తీసుకుంటారు?