తూర్పు బెంగాల్–అస్సాం ప్రావిన్సు (1905–1912): పాలన కోసమా, రాజకీయం కోసమా?

గెజిట్‌ప్రియ
వంగ విభజన అనగానే వైస్రాయ్ కర్జన్ కుట్ర అని తేల్చేస్తున్నాం. ముందు లెక్కలు చూడండి. 1903 నాటి బెంగాల్ అంటే బీహార్, ఒరిస్సా, ఛోటా నాగపూర్ అన్నీ కలిపి 1,89,000 చదరపు మైళ్లు, 7 కోట్ల 85 లక్షల జనం. అంతటికీ ఒక్క లెఫ్టినెంట్ గవర్నరు, ఆయనకు కార్యనిర్వాహక మండలి కూడా లేదు. మైమెన్‌సింగ్ ఒక్క జిల్లాలోనే 39 లక్షల మంది, వాళ్లందరికీ ఒకే కలెక్టరు. అటు అస్సాం 1874లోనే చీఫ్ కమిషనరు కింద విడిపోయినా, సొంత సివిల్ సర్వీసు కేడరు లేక అధికారుల కోసం బెంగాల్ వైపే చూసేది. ఈ రెండు ఇబ్బందులూ తీరాలనే 1905 అక్టోబరు 16న ఢాకా రాజధానిగా కొత్త ప్రావిన్సు వచ్చింది: 1,06,540 చదరపు మైళ్లు, 3 కోట్ల 10 లక్షల జనం.

సరిహద్దురాయి
భారం లేదని ఎవరన్నారండీ? తగువంతా గీత ఎక్కడ గీశారన్న దాని మీదే. విభజన అయ్యాక కూడా పాత బెంగాల్‌లో 5 కోట్ల 40 లక్షల మంది మిగిలారు. బీహార్, ఒరిస్సా దాని కిందే ఉండిపోయాయి. అంటే భాష వేరైన ప్రాంతాలను కలిపే ఉంచి, ఒకే భాష మాట్లాడే జిల్లాలను రెండు ముక్కలు చేశారు. మద్రాసు, బొంబాయిల్లో మాదిరి గవర్నరునూ, మండలినీ ఇవ్వమని అప్పుడే అడిగారు, కర్జన్ వినలేదు. ఐక్యంగా ఉన్న బెంగాల్ ఒక శక్తి, విడదీస్తే ఎవరి దారి వారిదవుతుందని రిస్లీ 1904లో ఫైలులోనే రాశాడు. హోం శాఖ కార్యదర్శి రాసిన మాటను పక్కన పెట్టి జనాభా లెక్కలొక్కటే చూస్తే ఎలా?

గెజిట్‌ప్రియ
రిస్లీ నోట్ ఉంది, నిజమే. కానీ ఎల్లలు ఎందుకు పెరిగాయో కూడా చెప్పుకోవాలి కదా. భారత ప్రభుత్వం రాసిన 1903 డిసెంబరు 3 నాటి లేఖలో అస్సాంకు ఇస్తామన్నది చిట్టగాంగ్ డివిజను, ఢాకా, మైమెన్‌సింగ్ జిల్లాలు మాత్రమే. లెఫ్టినెంట్ గవర్నరూ శాసనమండలీ ఉన్న చోటి నుంచి చీఫ్ కమిషనరు కిందికి దిగిపోతామని అక్కడివాళ్లే అభ్యంతరం చెప్పారు. ఆ హోదా ఇవ్వాలంటే ప్రావిన్సు పెద్దదవ్వాలి. అందుకే మొత్తం ఢాకా డివిజను, డార్జిలింగ్ మినహా రాజషాహీ డివిజను, మాల్దా వచ్చి చేరాయి. శాసనమండలి, ఇద్దరు సభ్యులతో రెవెన్యూ బోర్డు ఏర్పడ్డాయి.

బరంపురం
మన వైపు సంగతి ఒకటి ఎవరూ ఎత్తడం లేదు. అదే 1903 లేఖలో గంజాం జిల్లానూ, గంజాం, విశాఖ ఏజెన్సీలనూ మద్రాసు నుంచి తీసి బెంగాల్‌కు కలపాలని ఉంది. కారణం ఒరియావాళ్లందరినీ ఒక్కచోటికి చేర్చడం. మద్రాసు ప్రభుత్వం గట్టిగా ఎదురుతిరగడంతో అది ఆగింది. సంబల్‌పూర్ మాత్రం 1905లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి బెంగాల్‌కు వెళ్లింది. బరువు దించుకోవాలనుకునే ప్రభుత్వం కొత్త జిల్లాలు ఎందుకు అడుగుతుంది? ఒరియా దగ్గర భాషే కొలబద్ద అయినప్పుడు, బెంగాలీ దగ్గరికి వచ్చేసరికి అది ఎందుకు పనికిరాలేదు? నా మటుకు ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం ఇదే.

సరిహద్దురాయి
బాగా పట్టుకున్నారు. పాలన కోసమే అనుకున్నా, ఆ పాలనకు కావలసిన అంగాలు ఇచ్చారా? హైకోర్టు కలకత్తాదే, విశ్వవిద్యాలయమూ కలకత్తాదే. దాని ఫలితం సిరాజ్‌గంజ్‌లో కనబడింది. స్వదేశీ ఉద్యమంలో దిగిన విద్యార్థుల పేరు చెప్పి అక్కడి రెండు పాఠశాలల గుర్తింపు తీసేయాలని కొత్త ప్రావిన్సు లెఫ్టినెంట్ గవర్నరు ఫుల్లర్ నిర్ణయించాడు. ఆ అధికారం ఆయనకు లేదు, కలకత్తా విశ్వవిద్యాలయాన్ని అడగాల్సిందే. ఆ కోరిక వెనక్కి తీసుకోమని భారత ప్రభుత్వం చెబితే రాజీనామా చేస్తానన్నాడు. 1906 ఆగస్టులో వైస్రాయ్ మింటో దాన్ని ఆమోదించేశాడు. మొదటి లెఫ్టినెంట్ గవర్నరు ఏడాది కూడా నిలవలేదు. బడుల మీద కూడా పూర్తి అధికారం లేని ప్రభుత్వాన్ని ఢాకాలో కూర్చోబెట్టడం ఏం పాలనా సంస్కరణ?

గెజిట్‌ప్రియ
అది అమలులో లోపం, అవసరం లేదనడానికి రుజువు కాదు. ఢాకాకు విశ్వవిద్యాలయం 1921లో గానీ రాలేదు. రమణా ప్రాంతంలో ప్రభుత్వం కోసం కట్టిన భవనాలే దానికి పనికొచ్చాయి.

సరిహద్దురాయి
సరే, 1912 సంగతి చూడండి. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో రద్దు ప్రకటించి, ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. బెంగాలీ జిల్లాలు ఒక్కటయ్యాయి, బీహార్–ఒరిస్సా విడిపోయింది, బెంగాల్‌కు మండలితో గవర్నరు వచ్చాడు. ఆ మొదటి గవర్నరు కార్మైకేల్, మద్రాసు గవర్నరుగిరీ నుంచి నేరుగా వెళ్లినవాడే. 7 కోట్ల 85 లక్షల భారం అలా కూడా దిగింది! అదే పని 1905లో చేసి ఉండొచ్చు.

బరంపురం
ఇద్దరికీ ఒక మాట. 1912లోనూ సిల్హెట్‌ను వదిలేశారు. 1874లో అస్సాంకు రాబడి చాలక ఆ బెంగాలీ జిల్లాను దానికి జోడించారు. 1905లో అది ఢాకా, మైమెన్‌సింగ్‌లతో మళ్లీ ఒకే ప్రభుత్వం కిందికి వచ్చింది. రద్దుతో తిరిగి అస్సాం పాలైంది. భాషను బట్టి గీత సరిదిద్దామన్నవాళ్లు అక్కడ ఎందుకు ఆగారో సరిహద్దురాయి గారు చెప్పాలి.