అప్పీల్‌లో శిక్ష ఆపాలంటే 20 శాతం కట్టాల్సిందేనా?

అన్నలూ, మా బావకి చెక్కుల చట్టం (NI Act) సెక్షన్ 138 చెక్ బౌన్స్ కేసులో ఏడాది జైలు, 6 లక్షల కాంపెన్సేషన్ పడింది. శిక్ష మూడేళ్ల లోపే, ముందు నుంచీ బెయిల్ మీదే ఉన్నాడు కాబట్టి అప్పీల్‌కని అదే కోర్టు 30 రోజులు శిక్ష ఆపింది, అందులో 11 రోజులు అయిపోయాయి. నాంపల్లిలో సెషన్స్ కోర్టులో వేద్దామంటే లాయర్ గారు అదే చట్టం సెక్షన్ 148 కింద ఆ 6 లక్షల్లో 20 శాతం, అంటే 1 లక్షా 20 వేలు డిపాజిట్ అడుగుతారంటున్నారు. షాపు మూతపడి ఏడాదైంది, అక్క గాజులు ఇప్పటికే తాకట్టులో ఉన్నాయి, జడ్జిమెంట్ కాపీ మడతల దగ్గర చిరిగిపోయేదాకా మళ్లీ మళ్లీ చదువుతోంది పాపం. 2023లో సుప్రీంకోర్టు ప్రతి కేసులో 20 శాతం తప్పనిసరి కాదందట కదా, మరి కట్టలేమని పిటిషన్‌లో ఏ కాగితాలు పెట్టాలి? డిపాజిట్ కట్టడానికి ఇచ్చే 60 రోజుల గడువు ఆర్డర్ రోజు నుంచేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నిద్ర పట్టట్లేదు మాకు.