సమష్టి బేరసారాలు కార్మికుల నైపుణ్యాన్ని పెంచుతాయా?

ప్రశ్న: కార్మికులందరి తరఫున యూనియన్ యజమానితో బేరమాడి కుదుర్చుకున్న ఒప్పందంతో వేతనాల మధ్య తేడాలు తగ్గితే, యజమాని శిక్షణపై ఖర్చు పెంచుతాడా, తగ్గిస్తాడా?

జవాబు 1: ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యానికి అయ్యే ఖర్చును కార్మికుడే భరిస్తాడని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో వాదించారు. అయితే నైపుణ్యం పెరిగినంతగా వేతనం పెరగని చోట మిగులు యజమానికే దక్కుతుంది కాబట్టి, అతడే శిక్షణకు ముందుకు రావచ్చని ఆర్థికవేత్తలు అసిమోగ్లు, పిష్కె 1999లో చూపారు.

జవాబు 2: జర్మనీ లోహ పరిశ్రమలో ఒప్పందం సాధారణంగా ప్రాంతమంతటికీ కుదురుతుంది కనుక, శిక్షణ పొందినవారిని ఎక్కువ జీతం చూపి తీసుకుపోవడం పోటీ కంపెనీలకు అంత తేలిక కాదు. (ఎక్కువ ఇవ్వకూడదన్న నిషేధమేమీ లేదనుకోండి.)

జవాబు 3: నిర్మాణ రంగంలో కార్మికులు తరచూ యజమానులను మారుస్తారు, అందుకే అమెరికాలో యూనియన్ ఒప్పందం ఉన్న కాంట్రాక్టర్లు పనిగంటల లెక్కన చెల్లించే ఉమ్మడి నిధులతో అప్రెంటిస్ శిక్షణ నడుస్తుంది.