గ్రూప్ 4 పాప డచ్ గడగడా చదువుతోంది, అర్థం కావట్లేదు: ఏ పుస్తకాలు ఇవ్వాలి?

డెల్ఫ్ట్ గోంగూర (ప్రశ్న)
అందరికీ నమస్తే. పాపకి ఏడున్నరేళ్లు, డచ్ బడిలో గ్రూప్ 4. నెదర్లాండ్స్ వచ్చి ఏడాదిన్నర అయింది. జనవరి పరీక్షల్లో ఆవీ (డచ్ బడుల్లో చదివే స్థాయికి కొలత) ఈ4 వచ్చిందని టీచరు మెచ్చుకున్నారు. మళ్లీ అదే మీటింగులో "చదివింది అర్థం చేసుకోవడంలో వెనకబడింది" అన్నారు. లైబ్రరీ నుంచి ఈ4 ముద్ర ఉన్న పుస్తకాలే తెస్తున్నాం. గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. పుస్తకం మూసి "ఏం జరిగిందమ్మా?" అని తెలుగులో అడిగితే దిక్కులు చూస్తుంది. ఇంట్లో తెలుగే, మా ఇద్దరిదీ ఎ2 (మొదటి మెట్ల) డచ్. ఎలాంటి పుస్తకాలు తేవాలి? మా యాసతో మేం చదివి వినిపించవచ్చా? కొనాలంటే ఎక్కడ చవక? ఇంకొకటి, పెద్దవాడు ఐఎస్‌కే (కొత్తగా వచ్చిన పిల్లలకి డచ్ నేర్పే బడి) ముగించి వచ్చే ఏడాది హావో (హైస్కూల్లో ఒక శాఖ) 3లో చేరుతున్నాడు, వాడికీ ఏమైనా చెప్పండి.

పెద్దబాలశిక్ష
టీచరు చెప్పిన రెండు మాటలకీ పొంతన ఉందండీ. ఆవీ నోటికి కొలత, అర్థానికి కాదు. 3 నుంచి 7 అంకె గ్రూపుది. ముందున్న ఎం అంటే ఏడాది మధ్య, ఈ అంటే ఏడాది చివర. స్టార్ట్‌తో మొదలై ఎం3, ఈ3, ఎం4, ఈ4... అలా ఈ7 దాకా వెళ్లి ప్లస్‌తో ఆగుతుంది. గ్రూప్ 4 జనవరిలోనే ఈ4 అంటే అర్ధ సంవత్సరం ముందుందన్నమాట, నోటి వరకు.

పుస్తకానికి ఆ ముద్ర వేసేటప్పుడు ముఖ్యంగా చూసేది పదం పొడుగు, వాక్యం పొడుగు. బాంక్, ఆర్మ్, స్లాట్ అనే మూడు మాటలు తీసుకోండి. మూడూ పొట్టివే కాబట్టి ఆవీ లెక్కలో తేలిక. కానీ బాంక్ అంటే డబ్బు దాచుకునే చోటూ, సోఫా కూడా. ఆర్మ్ అంటే చేయి, పేద అని కూడా. స్లాట్ అంటే తాళం, కోట కూడా. కథలో తాతగారు బాంక్ మీద కునుకు తీస్తుంటే పాప మనసులో ఆయన ఏ ఏటీఎం పక్కనో పడుకుని ఉంటాడు! అక్కడ కథ తెగిపోతుంది, చదవడం మాత్రం ఆగదు.

బడిలో డీఎంటీ అనే పరీక్ష ఉంటుంది: మూడు కార్డులు, ఒక్కోదానికి నిమిషం, విడివిడి పదాలు పైకి చదవాలి. అర్థంతో పనే లేదు. విష్ణు సహస్రనామం అప్పజెప్పే పిల్లలు మనకు కొత్తా?

కాబట్టి పుస్తకాలను రెండు దొంతరలు చేయండి. ఒకటి తను చదివేది, ఒకటి వినేది. చదివే దొంతరలో ఈ4 వదిలేసి ఎం4కి దిగండి. సుమారు 100 మాటలున్న ఒక పేజీ చదివించి తెలియని మాటలకు వేళ్లు ముడవమనండి. ఐదు వేళ్లూ ముడిస్తే అది వినే దొంతరలోకి. "తెలుసు" అన్న మాటల్లో రెండింటిని మీరే ఎంచి తెలుగులో అర్థం చెప్పమనండి, లేకపోతే బాంక్ కూడా తెలిసిన ఖాతాలో పడిపోతుంది. కొన్ని పుస్తకాల మీద ఆవీ పక్కన క్లిబ్ అనే ఇంకో గుర్తు ఉంటుంది. అది అర్థం చేసుకోవడానికి సంబంధించినది. కనిపిస్తే మీ పాప విషయంలో దాన్నే నమ్మండి.

కాలువ గట్టు
ఇంట్లో తెలుగు ఆపేసి డచ్‌లోనే మాట్లాడితే ఆరు నెలల్లో సర్దుకుంటుంది కదా?

పెద్దబాలశిక్ష
వద్దండీ. తల్లిదండ్రుల ఎ2 డచ్‌లో పిల్లకి అందేది "తిను, రా, పడుకో" వరకే. పుస్తకంలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాట్లాడటానికి ఇంట్లో ఉన్న గట్టి భాష తెలుగు. తెలుగులో "అసూయ" తెలిసిన పిల్ల డచ్‌లో దానికి పేరు ఒక్కటి నేర్చుకుంటే చాలు. తెలియని పిల్ల రెండూ నేర్చుకోవాలి.

సైకిల్ బెల్లు
యాస గురించి. యాస ఇబ్బంది కాదు, ఇంగ్లిషు అలవాటు ఇబ్బంది. e అక్షరం రెండుసార్లు వస్తే మనం "ఈ" అంటాం, డచ్‌లో అది "ఏ". కాలు అనే మాట బేన్, బీన్ కాదు. o రెండుసార్లు వస్తే "ఓ": చెట్టు బోమ్, బూమ్ కాదు. "ఊ" కావాలంటే o పక్కన e రాస్తారు: బూక్. "ఈ" కావాలంటే i పక్కన e: దీర్, అంటే జంతువు. ఈ నాలుగూ ఫ్రిజ్ మీద అంటించుకుంటే సగం తప్పులు పోతాయి. మాట చివర డి ఉంటే పలికేది త: కుక్క హోంత్. బహువచనంలో హోండెన్ అని డ తిరిగొస్తుంది, అందుకే రాతలో డి ఉంచారు.

హ్రస్వ దీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చినవే, ఇక్కడ పనికొస్తాయి. మాన్ అంటే చందమామ, మన్ అంటే మగమనిషి. చందమామలు అన్నప్పుడు మానెన్, a ఒక్కటే రాస్తారు, అయినా దీర్ఘమే. మనుషులు అన్నప్పుడు మనెన్, n రెండుసార్లు రాస్తారు, a హ్రస్వం. గ్రూప్ 4లో పిల్లలు స్పెల్లింగ్‌లో తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఒత్తు ఉంటే ముందక్షరం పొట్టి అని చెబితే మన పిల్లలకి చటుక్కున ఎక్కుతుంది.

అయినా నమ్మకం లేకపోతే లైబ్రరీ వాళ్ల ఆన్‌లైన్ యాప్‌లో పిల్లల ఆడియో పుస్తకాలున్నాయి. కాగితం పుస్తకం ముందు పెట్టుకుని వేలు కదుపుతూ వినాలి. వేలు లేకుండా వింటే నిద్రపాటే!

వేలి ముడి
మీ ఇద్దరికీ పిల్లల పుస్తకం కష్టంగా అనిపిస్తే కంగారు పడకండి. ఎ2 క్లాసుల్లో ఎక్కువగా నేర్పేది వర్తమానం, "చేశాను" తరహా రూపం. కథలు నడిచేది మాత్రం ఇంకో భూతకాలంలో. లోపెన్ (నడవడం) లీప్ అవుతుంది, కెయ్‌కెన్ (చూడటం) కేక్ అవుతుంది, రూపెన్ (పిలవడం) రీప్, ఖాన్ (వెళ్లడం) ఖింగ్, జెఖెన్ (చెప్పడం) జెయ్. నిఘంటువులో అర్థం ఉండేది మూల రూపం దగ్గర, కేక్ అని వెతికితే చాలాసార్లు దొరకదు. ఇలాంటివి ఓ ముప్పై కాగితం మీద రాసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి, ప్రతి కథలోనూ అవే తిరుగుతాయి.

రెండో ఉచ్చు విడిపోయే క్రియలు. "హెయ్ త్రోక్ జెయ్న్ యస్ ఆన్" అంటే కోటు వేసుకున్నాడు. చివర ఆన్ బదులు ఔట్ లాంటి చిన్న మాట వస్తే కోటు విప్పాడు. వాక్యం అంతా అదే, కథ తలకిందులు. వేగంగా చదివే పిల్లలు ఆ ఆఖరి మాట మింగేస్తారు. అసలు క్రియ చివర్లో ఉంటుందని తెలుగువాళ్లకి చెప్పాలా? వాక్యం అయ్యేదాకా ఆగి, ఆఖరి మాట గట్టిగా పలకమనండి.

పుస్తకాల పేర్లు. వినే దొంతరకి మాక్స్ వెల్త్‌హెయ్స్ గీసి రాసిన కప్ప కథలు, కికర్ పేరుతో వరసగా ఉంటాయి. వాక్యాలు తిన్నగా ఉంటాయి, భయం, చలి, ప్రేమ లాంటి ఒక్కో భావం చుట్టూ తిరుగుతాయి, బొమ్మ అర్థం చెప్పేస్తుంది. బొమ్మల పుస్తకాలన్నీ ఇంత తేలిక కావు. ప్రాస కోసం మాటల వరస మార్చేవీ, లేని మాటలు పుట్టించేవీ బోలెడు. డిక్ బ్రూనా కుందేలు నెయ్న్‌ట్యె 1955 నాటిది, పసిపిల్లలదే, కానీ పేజీకి నాలుగు పాదాల ప్రాస. భాష నేర్చుకునేవాళ్లకి కనిపించినంత తేలిక కాదు.

యిప్ ఎన్ యానెకె తప్పక తెచ్చుకోండి. ఆనీ ఎం.జి. ష్మిత్ 1952 నుంచి ఒక దినపత్రికలో రాసినవి, ఫీప్ వెస్టెన్‌డోర్ప్ నల్లని నీడబొమ్మలు. పక్కపక్క ఇళ్ల పిల్లలిద్దరు, ఒక్కో కథ రెండు మూడు పేజీలు, అంతా ఇంటిమాటలే. ముఖ్యంగా మార్, తోఖ్, హోర్ అనే చిల్లర మాటలు ఎక్కడ పడతాయో అందులో చెవికి పట్టుబడతాయి. మన "లే", "కదా", "మరి" లాంటివన్నమాట, నిఘంటువు చూస్తే తేలవు. "కోమ్ మార్" అంటే "రా కానీ" కాదు, "రా, ఫరవాలేదు".

తనే చదివేందుకు: పౌల్ ఫాన్ లోన్ రాసిన డోల్ఫ్యె వేర్‌వోల్ఫ్యె వరస. ఏడో పుట్టినరోజుకి తోడేలుగా మారే అబ్బాయి. ఒక పుస్తకం దాటితే మిగతావాటిలో మనుషులూ మాటలూ అవే కాబట్టి రెండోది సులువవుతుంది. సిరీస్ ఇవ్వడంలో లాభం ఇదే, పది వేర్వేరు పుస్తకాల కంటే ఒకే వరసలో నాలుగు మేలు. మేస్ కేస్ వరస తరగతి గదిలో నడుస్తుంది, బడి మాటలు ముందే తెలుసు, అయితే అది ఇంకో ఏడాది తర్వాత. డోనల్డ్ డక్ వారపత్రిక (1952 నుంచీ వస్తోంది) బొమ్మలు చూసి తేలిక అనుకుంటారు. దాని డచ్‌లో మాటలాటలు, పాతకాలపు పదాలు మెండు. సరదాకి ఇవ్వండి, పాఠానికి కాదు.

కథలంటే మొహం తిప్పే పిల్లలకి సమాచార పుస్తకాలు. గుర్రాల గురించి 30 పేజీలు చదివితే డెక్క, జూలు, కళ్లెం అనే మాటలు ఇరవైసార్లు ఎదురొస్తాయి.

కాలువ గట్టు
లైబ్రరీ సంగతి నేను చెప్తా. 18 లోపు పిల్లలకి సభ్యత్వ రుసుం దాదాపు అన్ని చోట్లా లేదు. గడువు సాధారణంగా 3 వారాలు, యాప్‌లో పొడిగించుకోవచ్చు. ఆలస్య రుసుం ఊరిని బట్టి మారుతుంది, చేరేటప్పుడే అడగండి. పుస్తకం వీపు మీద ఏ అనే అక్షరం ఉంటే సుమారు తొమ్మిదేళ్ల లోపు, బీ 9 నుంచి 12, సీ 12 నుంచి 15. ఇవి వయసులు, ఆవీతో కలపకండి. చాలా శాఖల్లో మకలక్ లేజెన్ ప్లెయ్న్ అనే అర ఉంటుంది: తేలిక భాష, పెద్ద అక్షరాలు, కానీ విషయం పెద్దపిల్లలది. పదేళ్లవాడికి పసిపిల్లల పుస్తకం ఇచ్చి అవమానించక్కర్లేదు. ఫోర్‌లేస్ ఎక్స్‌ప్రెస్ అని ఇంకొకటి ఉంది, వాలంటీరు వారానికోసారి ఇంటికొచ్చి 20 వారాలు చదివి వినిపిస్తారు. మీ ఊళ్లో ఉందేమో కౌంటర్లో అడగండి.

క్రింగ్‌లోప్ క్వీన్
కొనడం గురించి. కొత్త పుస్తకానికి తగ్గింపు కోసం షాపులు తిరగొద్దు. 2005 నుంచి స్థిర ధర చట్టం ఉంది, ప్రచురణకర్త పెట్టిన ధరే ఎక్కడైనా. కలిసొచ్చేది అక్టోబరులో కిండర్‌బూకెన్‌వేక్ (పిల్లల పుస్తకాల వారం) అప్పుడు. పేరుకి వారం, నడిచేది పదిరోజుల పైనే. నిర్ణీత మొత్తానికి పిల్లల పుస్తకాలు కొంటే ఆ ఏటి కానుక పుస్తకం ఉచితం. మిగతా ఏడాదంతా క్రింగ్‌లోప్ (పాత సామాన్ల) షాపులు, వీధి చివరి మినీబీబ్ (చిన్న లైబ్రరీ) పెట్టెలు, లైబ్రరీ తీసేసే పుస్తకాల అమ్మకం. ఇక ఏప్రిల్ 27, రాజుగారి పుట్టినరోజు: పిల్లలే దుప్పటి పరిచి పాత పుస్తకాలు చిల్లరకి అమ్ముతారు. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి మిగిలేవి చిరిగినవే.

పాతవి కొనేటప్పుడు మూడు చూసుకోండి. ఆవీ పక్కన ఎం, ఈ లేకుండా ఉత్త అంకె 1 నుంచి 9 ఉంటే అది 2008కి ముందు పద్ధతి, ఇప్పటి ఆవీ4 అనుకోవద్దు. రెండోది స్పెల్లింగ్. 1995లో మార్చారు, 2005లో ఇంకొంత. తేలిగ్గా పట్టాలంటే పాన్‌కేక్ మాట చూడండి: కూక్ ముందు ఎన్ లేకుండా పానెకూక్ అని రాసి ఉంటే పాత స్పెల్లింగ్. వినే దొంతరకి ఇబ్బంది లేదు, డిక్టేషన్ కష్టపడుతున్న పిల్లకి మాత్రం వద్దు. మూడోది, సింటర్‌క్లాస్ (డిసెంబరులో పిల్లలకి కానుకలిచ్చే తాత) పుస్తకాలు. పాతవాటిలో ముఖానికి నల్లరంగు, ఎర్ర పెదాలతో ఆయన సహాయకుడు పీట్ బొమ్మలుంటాయి. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువగా బుగ్గ మీద మసి మరకలే. బొమ్మలు తిరగేసి చూశాకే సంచిలో వేయండి.

వేలి ముడి
పెద్దబ్బాయికి. హావో 4, 5లో డచ్ సాహిత్యం నుంచి కనీసం 8 పుస్తకాలు చదివి చూపాలి (యూనివర్సిటీ దారి పట్టే శాఖ వెవెఓలో 12, వాటిలో 3 అయినా 1880కి ముందువి). అవి మొదట డచ్‌లోనే రాసినవై ఉండాలి, అనువాదాలు లెక్కలోకి రావు. హావో 3లో ఆ చిక్కు ఇంకా లేదు, ఏది చదవాలో టీచరు నిర్ణయిస్తారు. కాబట్టి ఈ ఏడాది అనువాదాలే వాడుకోండి. ఇంగ్లిషులో తను ముందే చదివిన పుస్తకం డచ్ అనువాదం తెస్తే కథ తెలుసు గనుక తెలియని మాట దానంతట అదే తేలుతుంది. రెండు మూడు అయ్యాక అన్నా వోల్ట్స్ ఖిప్స్: ఒక ఆసుపత్రి, ఒకే రోజు. 2016లో ఖౌడెన్ ఖ్రిఫెల్ వచ్చింది, అంటే ఏటా పిల్లల పుస్తకాలకిచ్చే బంగారు బలపం. తర్వాత యాన్ టెర్లౌ ఓర్లోఖ్స్‌వింటర్ (1972), 1944-45 చలికాలం, జర్మన్ల చేతిలో ఉన్న దేశంలో ఒక అబ్బాయి. చరిత్ర పాఠానికీ పనికొస్తుంది. టోంకె ద్రాఖ్ట్ 1962లో రాసిన "రాజుగారికి ఉత్తరం" కథ గొప్పదే, కానీ లావు చూసి వాడు పారిపోతాడు, సెలవుల దాకా దాచండి.

పుస్తకాల వెబ్‌సైట్ లేజెన్ ఫోర్ ద లెయ్‌స్ట్‌లో 12-15, 15-18 వయసులకి కష్టం స్థాయిల వారీగా పెట్టారు. కింది స్థాయితో మొదలెట్టడం నామోషీ కాదు.

డెల్ఫ్ట్ గోంగూర
ఎంత సమాచారం! రేపే ఎం4కి దిగుతాం. రోజుకి ఎంతసేపు? అలాగే కొత్త మాటలన్నీ రాయించాలా?

పెద్దబాలశిక్ష
పావుగంట తను, పది నిమిషాలు మీరు లేదా ఆడియో. మాటలు రోజుకి మూడే. అంతకన్నా రాయిస్తే పుస్తకం అంటేనే విసుగు పుడుతుంది. చీటీ ముందువైపు మాట, దాంతో ద లేక హెత్ (ఇంగ్లిషు the లాంటివి) తప్పకుండా, వెనక తెలుగు అర్థం. చివర "యె" తగిలిన చిన్నది అనే రూపం, హౌస్యె లాంటిది, ఎప్పుడూ హెత్తే, అక్కడ ఆలోచించక్కర్లేదు. పేజీ అయ్యాక "అర్థమైందా?" అనొద్దు, అవును అనేస్తుంది. "వాడు ఎందుకు పారిపోయాడు?" అనండి. జవాబు తెలుగులో వచ్చినా సరే. రాకపోతే పేజీ మళ్లీ చదివించకండి, ఎక్కడ తెగిందో ఆ ఒక్క వాక్యం వెతకండి. చాలాసార్లు అక్కడ ఒక బాంక్ గానీ, చివర మింగేసిన ఒక ఆన్ గానీ దొరుకుతుంది.