పూలలోయలో మేత ఆపడం వల్ల పూలు తగ్గాయా?

ప్రశ్న:
గత ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు వెళ్ళినప్పుడు, కొంత మేర ఒకే రకం మొక్క గుబురుగా అలుముకొని ఉండడం చూశాను. దాని పేరు పాలీగోనమ్ అనీ, 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి మేతను నిషేధించిన తర్వాతే అది విస్తరించిందనీ గైడు చెప్పారు. గొర్రెలు మేస్తే మొక్కలు నశిస్తాయనే ఇంతవరకు అనుకున్నాను. మేత ఆగితే వైవిధ్యం ఎలా తగ్గుతుంది?

జవాబు 1:
అక్కడ ఇది చాలాకాలంగా నలుగుతున్న వాదమే. బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ 1931లో ఆ లోయలోకి దిగి పరవశించే నాటికే కాపరులు అక్కడ మందలు మేపుకొంటున్నారు. అంత ఎత్తున మొక్కలు పెరిగే కాలం ఏడాదికి కొద్ది నెలలే. ఆ వ్యవధిలో ఏపుగా ఎదిగిన మొక్క పైన ఆకులు పరిచేస్తే, నేలనంటి పెరిగే పొట్టి మొక్కలకు ఎండ అందదు. పశువులు పైవాటిని కొరికితే వెలుతురు కిందికి దిగుతుంది. ఆరు ఖండాల్లోని 40 గడ్డిమైదానాల్లో చేసి 2014లో వెలువరించిన అధ్యయనంలోనూ, మేత వల్ల నేల దగ్గర వెలుతురు పెరిగిన చోటనే జాతులు పెరిగాయి. లడఖ్ వంటి పొడి నేలల్లో మొక్కలే పలుచన కనుక ఈ మేలును ఆశించలేము.

జవాబు 2:
పై వివరణ సరైనదే కాని, సగమే. గొర్రె ఎత్తు చూసి కాదు, రుచి చూసి మేస్తుంది. మంద మితిమీరితే తినదగినవి తరిగి, చేదువీ ముళ్ళవీ మిగులుతాయి. పైగా మంద రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది కూడా ముఖ్యమే. మన రైతులు ఎరువు కోసం చేలో గొర్రెల మందను ఎందుకు పెట్టిస్తారో తెలిసిందే కదా; అదే పెంట, మూత్రం కొండ మీద ఏటా ఒకే విడిదిలో పేరుకుంటే, పొట్టి పూలమొక్కలకు బదులు ఆ సారాన్ని పీల్చుకొని ఎదిగే కొండచుక్కకూర జాతి మొక్కలు కమ్ముకొంటాయి. పాత విడుదుల్లో పాలీగోనమ్ కనిపిస్తే, తప్పు నిషేధానిదా, అంతకుముందరి మందలదా అని తేల్చడం తేలిక కాదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. నేను చూసిన గుబురు వాగు ఒడ్డున, రాళ్ళు దొర్లిన వాలులో ఉంది.

జవాబు 2:
అలాగైతే అక్కడ మేతకన్నా, మంచు జారి, నీరు కోసి నేల పెళ్ళగిలడాన్నే ముందుగా అనుమానించాలి. అటువంటి నేలలో ఆ మొక్క త్వరగా పాతుకొంటుంది, భూమిలోని కాండంతో పక్కలకు పాకుతుంది. అందుకే అటవీశాఖవారు పీకించినా మళ్ళీ మొలుస్తోంది.